చుట్టకుదురు

మా పెరటి వెనక చేపపిల్లల గుంట ఒకటుంది. బొచ్చె, శీలావతి పిల్లల్ని అందులో వేలెడు సైజు దాకా పెంచి కైకలూరు వైపు పెద్ద చెరువుల వాళ్ళకి అమ్ముతాం. మా ఇంటి బతుకంతా ఆ గుంటే. కాలవలో నీళ్ళొస్తే గుంట నిండుతుంది, గుంట నిండితే పొయ్యి వెలుగుతుంది.

ఈ ఏడు వానల్లేవు. కాలవ శివారు ఊరు మాది. పైవాళ్ళు వాడుకుని వదిలేసిన బురదనీళ్ళు కూడా మా దాకా రాలేదు. కొల్లేరు నెర్రెలు బారింది. ఉప్పుటేరులోంచి ఉప్పునీళ్ళు వెనక్కి తన్నాయి. చుట్టుపక్కల గుంటల్లో చేపపిల్లలు తెల్లారేసరికి వెల్లకిలా తేలుతున్నాయి. జనం మిగిలినవాటిని వచ్చిన ధరకి తెగనమ్ముకున్నారు.

మా గుంటలో మాత్రం నీళ్ళు తగ్గలేదు.

నా మొగుడు నెల్సన్ గుంట మధ్యలో వెదురుగెడ పాతి, నీళ్ళు ఎంతవరకు ఉండాలో ఎర్రరంగుతో గీత పెట్టాడు. పగలంతా ఎండకి నీళ్ళు గీత కిందికి దిగేవి. తెల్లారేసరికి మళ్ళీ గీత దగ్గరికి వచ్చేవి. అటు ఊరి మంచినీళ్ళ చెరువేమో రోజుకో మెట్టు దిగిపోతోంది.

ఒక పొద్దున మంచినీళ్ళ రేవులో మా పక్కింటి కనకరత్నం పిన్ని, నావైపు చూడకుండా, అందరికీ వినబడేటట్టు అంది.

"నీళ్ళని ద్రాక్షారసం చేశాడని విన్నాం గానీ, లేని నీళ్ళు పుట్టించాడని వినలేదమ్మా. మీ బైబిల్లో కొత్తగా రాశారేమో."

"మాకేం తెలుసు పిన్నిగారూ. ఊట పడిందేమో."

"అంతేలే. ఊరి చెరువుకి చిల్లు పడింది, మీ గుంటకి ఊట పడింది."

రేవులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే దొంగనైపోతాను.

అప్పటికే ఊరి పెద్దలు తీర్మానం చేశారు. మంచినీళ్ళ చెరువులో ఎవరి పైపు దొరికితే వాళ్ళ గుంటకి గండి కొడతారు. పెద్దలంటే మగవాళ్ళేననుకోండి. జన్మలో ఒక్క బిందె ఎత్తని వాళ్ళే మా ఊళ్ళో నీళ్ళ గురించి తీర్మానాలు చేస్తారు.

నా అనుమానం నెల్సన్ మీద. అడిగితే "దేవుడి దయ" అన్నాడు. "ఆ దయ చీకటి పడ్డాకే ఎందుకొస్తుందండీ?" అంటే అటు తిరిగి పడుకున్నాడు. షెడ్డులోకి వెళ్ళి నీళ్ళు తోడే ఇంజను ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది, మీద సాలెగూడు. గట్టు పొడవునా గునపంతో పొడిచి చూశాను. ఎక్కడా పైపు తగల్లేదు.

అత్త మీదా అనుమానమే. మా అత్త అచ్చమ్మ రోజూ దీపాల వేళకి గుంట గట్టు మీద ఒక ఖాళీ బిందె బోర్లించి, దాని మీద చుట్టకుదురు పెట్టి వచ్చేది. నెత్తిన బిందె ఒత్తుకోకుండా పాత చీరముక్క మెలితిప్పి చుట్టుకుంటామే, అదే. ఆకుపచ్చ మీద తెల్లపూల గుడ్డ.

"ఎవరికత్తయ్యా?"

"ఉండనీ అమ్మా. అలవాటు."

ఆ పూలచీరని నేను ఫోటోలో చూశాను. మా తోటికోడలు రూతమ్మది. నేను ఈ ఇంటికి రాకముందు, ఇలాంటి కరువు ఏడే పోయింది. వడదెబ్బ అన్నారు. బావగారు ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకుని తాడేపల్లిగూడెం వెళ్ళిపోయారు. ఫోటో బీరువా వెనక్కి వెళ్ళింది.

ఆ శుక్రవారం చర్చిలో వాన కోసం ఉపవాస ప్రార్థన పెట్టారు. తలనొప్పని చెప్పి నేను ఇంట్లో ఉండిపోయాను. నెల్సన్ మధ్యలో జారుకుని గుంట దగ్గరికి వస్తాడని నా లెక్క. దీపం పెట్టకుండా పెరటి గుమ్మంలో కూర్చున్నాను.

పొద్దు వాలింది. ఎండిన గుర్రపుడెక్క కుళ్ళువాసన, దాంతోపాటు ఉప్పుబురద వాసన గాలి లేకపోయినా వచ్చి మీద పడుతున్నాయి. కప్పలు ఎప్పుడో పోయాయి. ఎక్కడో ఒక నారాయణపక్షి ఒక్కసారి అరిచి ఊరుకుంది. దూరంగా చర్చి మైకులో నెల్సన్ పాడుతున్నాడు. ఆ గొంతు నాకు తెలుసు, చరణం చివర తేలిపోతుంది. 

పాట అయ్యాక అత్త మైకు తీసుకుంది. "ప్రభువా, మా ఇంటి మీద నీ కృప తగ్గనివ్వకు..."

ఇద్దరూ అక్కడే ఉన్నారు.

అప్పుడు వినబడింది. తొణుకు చప్పుడు. నిండు బిందె నడుస్తుంటే వచ్చే చప్పుడు. అది ఏ ఆడదానికీ ఎవరూ చెప్పక్కర్లేదు.

మంచినీళ్ళ చెరువు వైపు నుంచి గట్టు మీద ఎవరో వస్తున్నారు. నెత్తిన బిందె. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి, బిందెని పట్టుకోలేదు. ఆకుపచ్చ మీద తెల్లపూల చీర...

కళ్ళు చిట్లించి చూశాను. మెడ లేదు. మోసి మోసి... తల భుజాల్లోకి కూరుకుపోయింది.

గట్టు అంచున నిలబడి బిందె వంచింది. చేపపిల్లలన్నీ ఒక్కసారిగా ఆ ధార కిందికి ఉరికాయి. రోజూ అలవాటైన వాటిలా. ధార ఆగలేదు. అలా పోస్తూనే ఉంది. ఒక్క బిందెలో అన్ని నీళ్ళుండవు.

నాకప్పుడు అర్థమైంది. ఇంజను పెడితే ఊరంతా వింటుంది. బిందెతో నడిచే కోడల్ని ఎవరు చూస్తారు? రూతమ్మ పోయిన ఆ కరువులోనూ మా గుంట ఎండలేదని అత్త గొప్పగా చెప్పుకునేది. ఎలా ఎండలేదో ఎవరూ అడగలేదు, నాతో సహా.

ధార ఆగింది. ఆవిడ వెనక్కి తిరగలేదు. మెత్తగా, మర్యాదగా అడిగింది.

"సరిపోయిందా అండీ... ఇంకా తేవాలా?"

చాలక్కా అనాలి. ఆ ఒక్కమాట అంటే ఆవిడ బిందె దించేస్తుందని నాకు తెలుసు. ఎలా తెలుసో చెప్పలేను. అనబోయాను కూడా.

వెదురుగెడ కనబడింది. నీళ్ళు గీత అంచున ఉన్నాయి. చేపపిల్లలు ఇంకా అమ్మకానికి అందిరాలేదు.

"ఈ ఒక్క నెలా, అక్కా..." అన్నాను.

చర్చిలో మైకు ఆగిపోయింది.

"అత్తగారూ అదే అన్నారండీ."

బిందె మళ్ళీ నెత్తికెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది.

"ఒక్కదాన్నే మొయ్యలేనండీ."

ఆ తర్వాత గట్టు మీద ఎవరూ లేరు. బీటలువారిన మట్టిలో తడి అడుగులు మాత్రం ఉన్నాయి. నేను లోపలికి పరుగెత్తి తలుపు గడియ పెట్టాను. నెల్సన్ వచ్చి అన్నం అడిగాడు. పెట్టాను. పడుకున్నాను. నిద్ర ఎప్పుడు పట్టిందో తెలీదు.

పొద్దున లేచి చూస్తే నీళ్ళు గీత దాటి జానెడు పైకి ఉన్నాయి. నెల్సన్ గట్టు మీద మోకరించి స్తోత్రం చెప్పాడు.

ఆ సాయంత్రం దీపాల వేళ గట్టు మీదికి వెళ్ళిన అత్త వెంటనే తిరిగి వచ్చింది.

"రెండోది నువ్వు పెట్టావా అమ్మా?" అంది గొంతు తగ్గించి.

"లేదత్తయ్యా."

వెళ్ళి చూశాను. గట్టు మీద రెండు బిందెలు. రెండోదాని మీద తేనెరంగు చుట్టకుదురు. నా పెళ్ళిచీర ముక్క. ఆ చీర బీరువాలో ఉంది, తాళంచెవి నా బొడ్డులో ఉంది. వంగి ముట్టుకున్నాను. అప్పటికే తడిసి ఉంది. నలిగి, వాడిన గుడ్డలా ఉంది.

మెల్లగా చెయ్యి ఎత్తి నా నడినెత్తి తడుముకున్నాను. జుట్టు చల్లగా, తడిగా ఉంది. ఆ రోజు నేను తలారా నీళ్ళు పోసుకోలేదు.

అత్త వెనకాలే వచ్చి నిలబడింది. నా మొహంకేసి చూడలేదు. నా మెడకేసి చూస్తోంది.