దాలమ్మ ఎడమ చెయ్యి

ఉదయం 9:10కి, స్కానులు చదివే ఆసుపత్రి యంత్రం వ్యాప్తిసూచి, కూన దాలమ్మ ఎడమ చంకలోని లింఫు గ్రంథులన్నీ తీసేయాలని తేల్చింది. రొమ్ములోని కేన్సర్ వాటికి పాకి ఉండే అవకాశం 83 శాతం. శస్త్రయంత్రానికి ఆదేశం 9:40కి వెళ్తుంది.

సూచన చదివి వినిపించి, రోగి చేత సంతకం చేయించడం డాక్టర్ బమ్మిడి హైమ పని. ఆ రోజు దాలమ్మది నాలుగో సంతకం.

“అన్నీ తీసేస్తే చెయ్యి వాయొచ్చమ్మా,” అంది హైమ.

“వాసిపోతే నూలెలా తీసేది? కుడిసేత్తో రాట్నం తిప్పితే సరా? పోగు లాగీది ఇదే.”

దాలమ్మ ఎడమ చెయ్యి చాపింది. పొందూరులో నలభై రెండేళ్లుగా ఆమె సన్ననూలు వడుకుతోంది. ముంజేతి మీద రెండంగుళాల మేర చర్మం పాలిపోయి ఉంది. హైమ ఆ చేతిని దీపం కిందికి తెచ్చి చూసింది.

“ఇక్కడ పచ్చబొట్టు ఉండేదా?”

దాలమ్మ తలుపు వైపు చూసింది. బయట బెంచీ మీద ఆమె భర్త తవిటయ్య కూర్చుని ఉన్నాడు. గొంతు తగ్గించింది.

“జాతర్లో పొడిపించుకున్నానమ్మా. మా బావ పేరు. పెళ్లి ఈయనతో కుదిరిపోనాది. పెళ్లికి ముందే లేజరెట్టించి తీయించీసినాను. ఆయనతో సెప్పకు.”

లేజర్ చర్మంలోని రంగును పొడి చేస్తుంది. ఆ పొడి కొంత చంక గ్రంథుల్లోకి చేరి ఉండిపోతుంది; స్కానులో కేన్సర్ లాగే కనిపించొచ్చు. దాలమ్మ పత్రంలో పచ్చబొట్టు గడిలో ‘లేదు’ అని ఉంది. వ్యాప్తిసూచి చర్మాన్ని చూసి తనే నింపిన గడి అది.

9:36కి హైమ, యంత్రం ఆదేశాన్ని ఆపే చేతితాళం తిప్పింది. ఆరేళ్లలో దాన్ని ఎవరూ తిప్పలేదు. గడ్డతో పాటు ముందు మూడు గ్రంథులే తీసి పరీక్షించాలని రాసింది. కారణం గడి కూడా నింపింది.

తెర దాన్ని పైకి చదివింది. “చెరిపేసిన పచ్చబొట్టు. ఈ కారణం జాబితాలో లేదు.”

హైమ తన పేరు మీద పూచీ రాసింది. తెర మాట విని తవిటయ్య లోపలికి వచ్చాడు.

“సూరిగాడి పేరేనా?” అన్నాడు.

దాలమ్మ దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

“నాకు తెలీదనుకున్నావేటే? పెళ్లిసూపుల్నాడే సదివీసినాను.”

దుప్పటి కింద దాలమ్మ భుజాలు నవ్వుకు ఊగాయి. హైమ ఆమెను ఆపరేషన్ గదిలోకి పంపింది.

11:52కి ఫలితం వచ్చింది. మూడు గ్రంథుల్లోనూ కేన్సర్ లేదు. పచ్చబొట్టు సిరా ఉంది. మిగతా గ్రంథుల్ని తీయలేదు.

12:05కి వ్యాప్తిసూచి వేరే కేంద్రాల్లోని పందొమ్మిది ఆదేశాలను ఆపింది. ఆ రోగులందరినీ ఒకే ప్రశ్న అడిగింది.

ఇరవై ఆరో రోజున దాలమ్మ రాట్నం ముందు కూర్చుని ఎడమ చేత్తో పోగు లాగింది. పోగు తెగలేదు.