పల్లంరాజుగారి జమ్మిచెట్టు

పల్లంరాజుగారి పెరట్లో ఉన్నది జమ్మిచెట్టు కాదని ఉదయభాస్కర్ నోరు జారింది సరిగ్గా విజయదశమి నాడే. మిగతా మూడొందల అరవై నాలుగు రోజుల్లో ఎప్పుడు చెప్పినా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

అతనిది కడియం. బోటనీలో డిగ్రీ చేసి, తండ్రి వీరబ్రహ్మంగారి నర్సరీ చూసుకుంటున్నాడు. పండక్కి బంతికుండీలు దింపడానికి వచ్చాడని ఆ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నిజానికి పల్లంరాజుగారి మనవరాలు సత్యశ్రీ రమ్మంటే వచ్చాడు. రాజమండ్రి కాలేజీలో మొదలైన ప్రేమకి రెండేళ్ళు నిండాయి. ఆ ఇంట్లో పెళ్ళి విషయంలో తాతగారి మాటే మాట. కొడుకులు, కోడళ్ళు, మనవలు అందరూ చేరిన పండగ పూట, ఆయన సంతోషంగా ఉన్న వేళ చూసి అడగాలని సత్యశ్రీ పథకం.

"మీరేం మాట్లాడకండి. తాతయ్య ఏమన్నా 'ఆయ్' అనండి, చాలు," అని ముందే చెప్పింది కూడా.

తీరా తాతగారు ఏమీ అనలేదు. సత్యశ్రీ చిన్నాన్న కూతురు, ఏడేళ్ళ సుప్రియ అడిగింది.

"అంకుల్, మీకు చెట్లన్నీ తెలుసంటగా! ఇదేం చెట్టు?"

"సుబాబుల్," అన్నాడు ఉదయభాస్కర్, వైవాలో జవాబు చెప్పినంత ధీమాగా.

"కాదు, జమ్మి!"

"జమ్మికి ముళ్ళుంటాయమ్మా."

సుప్రియ పరుగెత్తుకెళ్ళి ఇల్లంతా టముకు వేసింది. ఐదు నిమిషాల్లో పెరడు నిండిపోయింది.

పల్లంరాజుగారు పంచె సర్దుకుంటూ వచ్చారు. పదిహేడేళ్ళుగా ప్రతి దసరాకీ ఆ చెట్టుకే పూజ చేసి, ఆ ఆకే ఊళ్ళో పెద్దల చేతుల్లో పెట్టి దణ్ణం పెట్టిన మనిషి. "మా జమ్మికి ముల్లన్నదే లేదు, అంతా అమ్మవారి దయ" అని వచ్చినవాళ్ళకల్లా చూపించి మురిసిపోయేవారు.

"ఎవరబ్బాయివయ్యా నువ్వు?"

"కడియం నర్సరీ వీరబ్రహ్మంగారి అబ్బాయినండి."

"మీ నాన్నే ఇచ్చాడయ్యా ఈ మొక్క! జమ్మి అని చెప్పి, నా సైకిలు వెనకాల తనే కట్టాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు. తాతగారు చిన్నబోయి లోపలికి వెళ్ళి, పడక్కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నారు.

సత్యశ్రీ అతన్ని నూతి దగ్గర పట్టుకుంది.

"'ఆయ్' అనమన్నానా, లేదా?"

"ఆయనేం అడగలేదుగా! పాప అడిగింది."

"పాపకి 'ఆయ్' అంటే మీ డిగ్రీ వెనక్కి లాక్కుంటారా? వచ్చేవారం తణుకు వాళ్ళు పెళ్ళిచూపులకొస్తున్నారు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను తాతయ్యని?"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ అమ్మాయి తనకి దక్కదేమోనని ఉదయభాస్కర్‌కి మొదటిసారి భయం వేసింది. తిన్నగా పడక్కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"తప్పు మాదేనండి. దీపాలవేళకి అసలు జమ్మి తెస్తాను."

"తెస్తే తే," అన్నారు తాతగారు, గోడతో.

దారిలో వాన పట్టుకుంది. దసరా వానకి ఎవరి తొందరా పట్టదు. అయినా చెప్పిన వేళకే స్కూటర్ తిరిగొచ్చింది. మనిషి తడిసి ముద్దయ్యాడు, మొక్క ముళ్ళు గీసుకుని చేతులు ఎర్రబడ్డాయి. తీరా చూస్తే మొక్క మోకాలెత్తు కూడా లేదు. పెరట్లో అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"పదిహేడేళ్ళు మొక్కింది అమ్మవారికి గానీ చెట్టుక్కాదులెండి," అంది నాయనమ్మ రత్నమాణిక్యం, భర్తని చెయ్యి పట్టి లేవదీసుకొచ్చి. "ఈ ఏడు కాస్త నడుం వంచి మొక్కుదురు గాని, రండి."

ఇరవైమంది ఆ చిన్న మొక్క చుట్టూ ప్రదక్షిణం చేశారు. ఆ తర్వాత కాగితం మీద శమీ శ్లోకం, దాని కింద ఇంటిల్లిపాది పేర్లూ రాసి, ఇంటిపెద్ద చదివి జమ్మికి తగిలించడం ఆనవాయితీ. ఈసారి రాసింది సత్యశ్రీ. తాతగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. తన పేరు, భార్య పేరు, కొడుకులు, కోడళ్ళు, మనవలు. అందరిలోకీ చిన్నది గనక చివరి పేరు సుప్రియది కావాలి. కాలేదు.

"ఉదయభాస్కర్," అని చదివి ఆగిపోయారు.

"ఇంట్లోవాళ్ళ పేర్లే రాయాలని తెలుసా అమ్మా నీకు?"

"తెలిసే రాశాను తాతయ్యా." సత్యశ్రీ తల దించుకోలేదు.

ఆయన తడిసిన కుర్రాడి వైపు తిరిగారు.

"అది జమ్మేనని అనేస్తే నీకు పోయేదేముందయ్యా? ఈ పూట హాయిగా వెళ్ళిపోయేది."

"చిన్నపిల్ల అడిగిందండి. నేను తప్పు చెప్తే, అదే నేర్చేసుకుంటుంది కదండీ."

పల్లంరాజుగారు కళ్ళజోడు సర్దుకుని, ఆ చివరి పేరు ఇంకోసారి చదువుకున్నారు.

"మీదేం గోత్రమయ్యా?"

ఉదయభాస్కర్ చెప్పాడు.

"మాది కాదు. ఇంకేం మరి," అన్నారాయన.

అప్పటిదాకా బిగబట్టుకున్న సత్యశ్రీ అందరి ముందూ భోరుమంది. ఆమెకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

"ఏవండీ, తడిబట్టల్తో అలా నిలబెట్టేశారేంటి పిల్లాణ్ణి?" అంది రత్నమాణిక్యం. "లోపలికి రా నాయనా."