బోర్డు మీద పెద్దమ్మ

పెద్దమ్మ ఆరున్నరకల్లా తల దువ్వుకుని, ఇస్త్రీ మడత నలగకుండా నీలం కోటు తొడుక్కుంది. ఆస్పత్రి లాండ్రీలో పద్దెనిమిదేళ్లుగా ఆమెది అదే వేళ, అదే హడావిడి. వంటింటి గట్టు దగ్గర నిలబడి టీ తాగుతూ, పుస్తకాలు సర్దుకుంటున్న అమ్మాయిని అడిగింది.

"ఏవిటే, పొద్దున్నే మొహం వెలిగిపోతోంది?"

"కాలేజీలో ప్రదర్శన పెట్టారు పెద్దమ్మా. నా ప్రాజెక్టుకి గుమ్మం ఎదురుగా చోటిచ్చారు."

"దేని గురించి?"

"పేదరికంలోంచి మనుషుల్ని ఎలా బయటికి తేవాలా అని."

"తెచ్చేటప్పుడు మీ పెదనాన్నని కూడా తీసుకురా. ఆ మంచం మీంచి లేపడం నా వల్ల కావడం లేదు."

"నాకు వినబడుతోంది," అన్నాడు పెదనాన్న లోపలినుంచి దుప్పటి తియ్యకుండానే. తాళాలు బాగుచేసే ఆయన కొట్టు పదకొండింటికి గానీ తెరుచుకోదు.

అమ్మాయి నవ్వింది గానీ, ఆ బోర్డు మీద ఉన్నది ఎవరో చెప్పలేదు. బహుమతి వచ్చాక చెబుదామనుకుంది. అయిదేళ్ల వయసులో తల్లి పోతే, తనను ఎత్తుకొచ్చి పెంచిన మనిషి పెద్దమ్మ. ఆమె గురించి రాయడం కంటే గౌరవం ఏముంటుంది? మొన్న కూరలు తరుగుతున్నప్పుడు మాటల్లో పెట్టి అన్నీ రాబట్టింది. అడిగి ఉండాల్సిందేమో అని ఒకసారి అనిపించింది. ఆ ఆలోచనను అక్కడే తొక్కేసింది.

ఆ రోజు అమ్మాయికి క్లాసు మధ్యాహ్నమే. బయలుదేరబోతుంటే వీధి తలుపు తెరుచుకుంది. పెద్దమ్మ. షిఫ్టు అయ్యేది మూడింటికి. అప్పటికి ఇంకా పదకొండు కాలేదు.

"ఒంట్లో బాగాలేదా?"

పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోను తీసి బల్లమీద పెట్టింది. తెర మీద కాలేజీ బోర్డు. దాని మధ్యలో నీలం కోటులో నవ్వుతున్న పెద్దమ్మ.

"మా సూపర్‌వైజర్ పంపాడు. వాళ్లమ్మాయి మీ కాలేజీలోనే అట. కింద ఏం రాశావో చదువు."

"పెద్దమ్మా, అది..."

"నాకు చదవడం రాదుగా. నువ్వే చదివి వినిపించు."

అమ్మాయి ఫోను మీదికి వంగింది. "ఈ మహిళ నిరక్షరాస్యురాలు," అని మొదలుపెట్టింది. "జీవితమంతా ఇతరుల మురికి బట్టలు ఉతకడానికే..." అక్కడ ఆగిపోయింది.

"కానీ, చదువు."

"...ఉతకడానికే అంకితమైన ఈమెకు వేరే దారి లేదు. ఎవరైనా దాత ఒక కుట్టుమిషన్ ఇప్పిస్తే ఈమె బతుకు మారుతుంది."

పెదనాన్న చేతిలో చొక్కాతో గుమ్మంలోకి వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి అక్కడే నిలబడిపోయాడు.

"లాండ్రీలో బట్టలుతికే కొత్త మిషన్ వచ్చి రెండేళ్లయింది. దాన్ని నడిపేది నేనే," అంది పెద్దమ్మ. ఆమె గొంతు పెరగలేదు. "దాని తెర మీద మాటలు వస్తాయి. ఏ మాట ఎలా ఉంటుందో బొమ్మలా గుర్తుపెట్టుకున్నాను. చదువుకున్న ఇద్దరికి పని నేర్పాను. నెత్తురు మరకలకి ముందు చన్నీళ్లు పెట్టాలని కూడా తెలియదు వాళ్లకి. నాకు చదువు రాదని అక్కడ ఎవరికీ తెలియదు. ఈరోజు సూపర్‌వైజర్ అందరి ముందూ ఒక కాగితం ఇచ్చి చదవమన్నాడు."

"చదవకపోతే?"

"చదవకపోతే ఏముంది. మిషన్ దగ్గర్నుంచి తీసేసి, దుప్పట్లు మడతపెట్టే గదికి పొమ్మన్నాడు. నేను ఇంటికొచ్చేశాను."

"ఆయనకేం హక్కుంది? ఇప్పుడే వెళ్లి అడుగుతాను," అంటూ అమ్మాయి వీధి తలుపు వైపు నడిచింది.

"కూర్చో. నువ్వు వెళ్లి నా తరఫున ఏడిస్తే నన్ను ఇంకో బోర్డు ఎక్కించినట్టే." పెద్దమ్మ ఫోను వెనక్కి తిప్పి పెట్టింది. "నీ మీద కోపం మిషన్ పోయినందుకు కాదే. ఇంతకాలం నా కంచంలో తిని, నా పక్కలో పడుకుని, నీకు నాలో కనిపించింది ఇదేనా? కుట్టుమిషన్ కావాలని నేను ఎప్పుడైనా నీతో అన్నానా?"

అమ్మాయికి కన్నీళ్లు ఉబికి వచ్చాయి. మూడేళ్ల కాలేజీలో ఎన్ని పుస్తకాలు చదివింది, ఎన్ని వాడల్లో తిరిగి ప్రశ్నావళులు నింపింది. ఇంట్లో మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

"మరి నీకు ఏం కావాలి పెద్దమ్మా?"

పెద్దమ్మ కోటు మీది మడత సవరించుకుంది. ఆ మాట ఇంతవరకు తననెవరూ అడిగినట్టు లేదు.

"నా మిషన్ నాకు కావాలి," అంది చివరికి. "ఆ మాటలు నేర్పు. బొమ్మల్లా కాదు. అక్షరాలుగా."

అమ్మాయి ఆ మధ్యాహ్నమే కాలేజీకి వెళ్లి బోర్డు మీది కాగితం ఊడదీసింది. మార్కులు పోతాయని మేడం హెచ్చరించింది. "పోనివ్వండి మేడం, ఆమెను అడక్కుండా పెట్టాను," అని, చుట్టిన కాగితం చంకలో పెట్టుకుని వచ్చేసింది.

మర్నాడు పెద్దమ్మ మడతల గదికే పనికి వెళ్లింది. పోతూ పోతూ సూపర్‌వైజర్ గది ముందు ఆగి, "ఇరవై రోజులు గడువివ్వండి. అప్పుడు మీరే పరీక్ష పెట్టండి," అని వచ్చింది.

ఆ ఇరవై రోజులూ ఇల్లు ఇల్లులా లేదు. అక్షరాలు రానప్పుడల్లా పెద్దమ్మ పలక తోసేసేది. అమ్మాయి విసుక్కుంటే, "నీకు జడ వేసుకోవడం నేర్పడానికి నాకు ఏడాది పట్టింది, నేను విసుక్కున్నానా?" అనేది. విసుక్కుందని పెదనాన్న సాక్ష్యం చెప్పబోతే ఇద్దరూ కలిసి ఆయన నోరు మూయించారు.

పరీక్ష రోజున అమ్మాయి తోడు వెళ్లింది గానీ, బయట వరండాలోనే ఆగిపోయింది. అద్దం తలుపు వెనక సూపర్‌వైజర్ ఒక పుస్తకం తెరిచి ఇవ్వడం, పెద్దమ్మ వేలు వరస మీద మెల్లగా కదలడం కనబడ్డాయి. ఒకచోట వేలు ఆగిపోయింది. ఎంతకీ కదలలేదు. లోపలికి వెళ్లి అందించాలని అమ్మాయి కాళ్లు తొందరపెట్టాయి. చేతులు గట్టిగా కట్టుకుని నిలబడింది.

పావుగంటకి పెద్దమ్మ బయటికి వచ్చింది.

"ఒక మాట రాలేదు," అంది. "రాదనే చెప్పాను. అది వచ్చినప్పుడు ఏ మీట నొక్కాలో మాత్రం చూపించాను. నెల రోజులు చూస్తానన్నాడు. రేపట్నుంచి మిషన్ మీదే."

అమ్మాయి ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. "అడక్కుండా రాశాను, క్షమించు పెద్దమ్మా."

"సరేలే. కోటు తడిపేయకు, మళ్లీ నేనే ఉతుక్కోవాలి." పెద్దమ్మ కళ్లూ తడిగానే ఉన్నాయి. కాస్త తేరుకున్నాక గొంతు తగ్గించి, "మడతల గదిలో నాలాంటి వాళ్లు ఇంకో నలుగురున్నారు. నీతో మాట్లాడతామన్నారు. రా," అంది.

ఆ గదిలో దుప్పట్ల గుట్టల మధ్య నలుగురూ పని ఆపకుండానే తలెత్తి చూశారు. అక్షరాలు, ఆ తర్వాత గుణింతాలు, వారానికి మూడు రోజులు అని అమ్మాయి మనసులో అప్పుడే లెక్క కట్టేసుకుంది. చెప్పడానికి నోరు తెరిచి, మానుకుని, వాళ్ల పక్కన నేలమీద కూర్చుంది.

"మీకు ముందుగా ఏం చదవాలని ఉంది?"

ముగ్గురు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అందరిలోకీ పెద్దావిడ మడత మధ్యలో ఆపేసింది.

"మా కోడలు ఫోనులో నాకు రాస్తుంటుందమ్మా. పక్కింటావిడ చదివి చెబుతుంది. కొన్నిచోట్ల ఆవిడ ఆగిపోయి, వేరే ఏదో కలిపి చెప్పేస్తుంది. నాకు తెలుస్తూనే ఉంటుంది," అంది. "ఆవిడ ఆగిపోయే చోట ఏముందో నేను చదువుకోవాలి."

చేతిలో దుప్పటి పక్కన పెట్టి, కోటు జేబులోంచి ఫోను తీసి అమ్మాయి చేతికిచ్చింది.