ఫ్రిజ్ పైన ప్రపంచ పటం

పెళ్ళిచూపులు అయిన మూడు వారాలకి ఆ అమ్మాయే స్వయంగా మెసేజ్ పెట్టింది. "శనివారం సాయంత్రం నాలుగున్నరకి తెనాలి స్టేషన్‌కి రాగలరా? మాట్లాడాలి."

చివర నవ్వు బొమ్మ లేదు, పువ్వు బొమ్మ లేదు. అయినా శ్రీకర్ బాపట్లలో మంచం మీద పడుకుని ఆ రెండు వాక్యాల్నీ పదిసార్లు చదువుకుని, అందులో లేని తీపంతా తనే కలుపుకున్నాడు. వ్యవసాయ కళాశాలలో మట్టి గురించి పాఠాలు చెప్పే మనిషి. ఏ చేలో మట్టయినా వేళ్ళ మధ్య నలిపి అందులో ఏం తక్కువైందో చెప్పగలడు. మెసేజ్‌లో ఏం తక్కువైందో మాత్రం పట్టుకోలేకపోయాడు.

రేపల్లెలో అమ్మాయి తరఫు పెద్దవాళ్ళు ఆ రోజు "కనుక్కుని చెప్తామండి" అన్నారు. ఎవరిని కనుక్కుంటున్నారో తెలియదు గాని మూడు వారాలుగా కనుక్కుంటూనే ఉన్నారు. ఇప్పటికి తేలిందన్నమాట, ఆ శుభవార్త తనే చెప్పాలని ఉషశ్రీ ముచ్చటపడిందన్నమాట, అనుకున్నాడు శ్రీకర్. కొత్త చొక్కా తొడుక్కుని, వెనక కాలర్‌కి ధర చీటీ వేలాడుతున్న సంగతి చూసుకోకుండా బండెక్కేశాడు.

తెనాలిలో దిగేసరికి వాన. పెద్ద వానేం కాదు, గొడుగు తెచ్చుకోని వాళ్ళని వెతికి మరీ తడిపే రకం. శ్రీకర్ రెండు టీలు కొని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు.

ఉషశ్రీ వచ్చింది. తెనాలిలోనే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది, రోజూ రేపల్లె నుంచి రైల్లో వచ్చి వెళుతుంది. నీలం చీర, భుజాన బ్యాగు, చేతిలో గొడుగు. గొడుగు ముడిచిన తీరు చూడగానే శ్రీకర్‌కి మొదటిసారి అనుమానం వచ్చింది.

"టీ తాగండి" అన్నాడు.

"ముందు ఇది చూడండి" అంటూ ఫోన్ అతని ముక్కు దగ్గరగా పెట్టింది.

తెర మీద 'శనివారం సణుగుడు' కనిపించింది.

శనివారం సణుగుడు ఫేస్‌బుక్‌లో ఒక పేజీ. రాసేవాడి పేరు ఉండదు. వారం వారం ఎవడో ఇంటి సంగతులూ సినిమాలూ దేశాల తగాదాలూ కలిపి సణుగుతుంటాడు. తమ ఇంట్లో టీవీ రిమోట్ మీద వీటో అధికారం వాళ్ళమ్మదేనని, అరవై దాటిన హీరోలు ఇంకా కాలేజీకి వెళుతుంటే తన స్టూడెంట్లు మాత్రం ఎగ్గొడుతున్నారని రాస్తాడు. పదకొండు వేల మంది చదువుతారు. ఆ సణిగేవాడు శ్రీకర్ అని వాళ్ళమ్మకి కూడా తెలియదు. తెలిస్తే వీటో వాడుతుంది.

"ఎవరండీ ఇతను? భలే రాస్తాడే" అన్నాడు శ్రీకర్.

"నటించకండి, మీకు రాదు. ఇది పోయిన వారంది. 'పొన్నూరులో పెళ్ళిచూపులు' అట. ఊరు మార్చారు. మా నాన్న రొయ్యల చెరువులు తీసేసి మిరపకాయల వ్యాపారం పెట్టించారు. ఫిజిక్స్ తీసేసి నన్ను ఎంబీఏ చేశారు. ఫ్రిజ్ పైన ప్రపంచ పటం మార్చడం మాత్రం మర్చిపోయారు."

శ్రీకర్ టీ ఒక గుక్క తాగాడు.

"వీపు గోక్కునే చెక్క చెయ్యితో పటం మీద దేశాలు చూపించే మనిషి ఈ జిల్లాలో ఇంకొకరున్నారా? చెప్పండి."

"నేనే రాశానండి" అన్నాడు చిన్న గొంతుతో.

"అది నాకు తెలుసు. నాన్నకి తెలీదు. దాన్ని ప్రింటు తీయించుకుని, తన రొయ్యల మేత కొట్టుకి వచ్చిన రైతులందరికీ చదివి వినిపిస్తున్నారు. పొన్నూరులో ఉండే మా జనార్దనరావు బాబాయి మీద ఎవడో భలే రాశాడని ఒకటే నవ్వు."

శ్రీకర్‌కి ప్రాణం లేచివచ్చింది. "పోనీలెండి, ఆయన నవ్వుతున్నారుగా!"

"ఏంటి పోనిచ్చేది? రేపల్లె బండి వస్తోంది. ఎక్కండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. మా ఇంటికొచ్చి, అది రాసింది మీరేనని, రాసింది ఆయన గురించేనని నాన్న మొహం మీద చెప్పాలి. ఆయన నవ్వితే సరే. మనసు కష్టపెట్టుకున్నారో, మా ఇంటిల్లిపాదీ ఔనన్నా సరే, నేను కాదంటాను."

బండి వచ్చింది. ఎదురెదురు సీట్లు దొరికాయి. కిటికీ ఊచల్లోంచి జల్లు శ్రీకర్ మీదే పడుతోంది, పక్కకి జరుగుదామంటే అక్కడ ఉషశ్రీ తన బ్యాగు పెట్టింది. బండి వేమూరు దాటింది.

"అంత కోపం వచ్చేలా ఏ ముక్క రాశాను?" అన్నాడు ఇక ఉండబట్టలేక.

"చెక్క చెయ్యి దగ్గర నవ్వాను. కరెంటు పోతే చీకట్లోనే రెండు దేశాలకి సంధి కుదిర్చాడన్నారే, అక్కడ స్టాఫ్ రూమ్‌లో పడీ పడీ నవ్వాను. చివరి లైను దగ్గర ఆగిపోయాను."

ఏ లైనో శ్రీకర్‌కి తెలుసు. 'ఇంట్లో ఎవరూ తన మాట వినని మనిషికి ప్రపంచమే దిక్కు' అని రాసి, తన తెలివికి తనే మురిసిపోయి, ఆ రాత్రి రెండు పెరుగు గారెలు ఎక్కువ తిన్నాడు.

"అబద్ధమైతే తిట్టి ఊరుకునేదాన్ని" అంది ఉషశ్రీ. "అమెరికా వాడు సుంకం పెంచితే మా చెరువులో రొయ్య ధర పడిపోద్ది. ఆయన గొడవంతా అది. చెప్పబోతే నాయనమ్మ టీవీ సౌండు పెంచుద్ది, అమ్మ మిక్సీ వేస్తది, నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటాను. గంట కూర్చుని వెళ్ళిన మీకు కనిపించింది, ఇరవయ్యారేళ్ళ నుంచి ఆ ఇంట్లో ఉన్న నాకు కనిపించలేదు. దానికండీ కోపం."

శ్రీకర్ మొహం మీద పడ్డ జల్లు తుడుచుకున్నాడు. ఆమే మళ్ళీ అందుకుంది.

"ఇంకోటి కూడా ఉంది. నాన్న గురించి రాశారు, నాయనమ్మ గురించి రాశారు, మా ఇంటి జీడిపప్పు పాకం మీద కూడా నాలుగు లైన్లు రాశారు. నా గురించి ఒక్క ముక్క లేదు. అంత తీసిపారేసేలా ఉన్నానా?"

"అసలు కూర్చున్నదే మీ గురించి రాద్దామనండి" అన్నాడు శ్రీకర్ కిటికీ వైపు చూస్తూ. "ఎంతసేపు కూర్చున్నా వెటకారం రాలేదు. నాకు చేతనైన రాత అదొక్కటే. ఏం చేయను, వదిలేశాను."

ఉషశ్రీ కిటికీలోంచి తడుస్తున్న వరిచేలు చూడసాగింది. ఆమె బుగ్గ మీద చిన్న సొట్ట ఒకటి రాబోయి, వచ్చి, పోయింది. భట్టిప్రోలు దాటాక చెయ్యి చాచి, అతని కాలర్ వెనకున్న చీటీ పుటుక్కున తెంపింది.

"ఇంత పెట్టి కొన్నారా ఈ చొక్కా?" అంది.

బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. శ్రీకర్ పక్కకి జరిగి, ఆ రోజుకి మొదటిసారిగా తడవకుండా కూర్చున్నాడు.

రేపల్లెలో ఇల్లు చేరేసరికి ఉషశ్రీ తల్లి గుమ్మంలోనే కంగారుపడింది. "ఏంటమ్మా ఇది, చెప్పా పెట్టకుండా! రా బాబూ, రా" అని, తువ్వాలు అందించి, శనగపిండి వెతుక్కుంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

హాల్లో నాయనమ్మ అంకమ్మ తెలుగులో మాట్లాడే కొరియా సీరియల్ చూస్తోంది. "కూర్చో అబ్బాయ్. ఇది పదకొండో భాగం. ఇప్పటికి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. మనోళ్ళయితే ఈపాటికి పిల్లల్ని బళ్ళో వేసేవాళ్ళు" అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

ఫ్రిజ్ పైన ప్రపంచ పటం, దాని పక్కన కుర్చీలో ఉషశ్రీ తండ్రి పూర్ణచంద్రరావు. కొట్టు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, చొక్కాకి రొయ్యల మేత వాసన ఇంకా పోలేదు. శ్రీకర్‌ని చూసి మొహమంతా నవ్వయింది.

"రావయ్యా! సమయానికొచ్చావు. ఎర్ర సముద్రంలో ఏం జరుగుతుందో తెలుసా?"

టీవీ సౌండు రెండు మెట్లు పెరిగింది. శ్రీకర్ కూర్చోలేదు. కూర్చుంటే ఇక చెప్పలేడని భయం.

"మీరు కొట్లో చదివి వినిపిస్తున్నారటగా, పొన్నూరులో పెళ్ళిచూపులని... అది నేను రాసిందేనండి. జనార్దనరావు గారి గురించి కాదు. మీ గురించే."

"తెలుసు" అన్నాడు పూర్ణచంద్రరావు.

ఉషశ్రీ తెల్లబోయింది. "ఎప్పటినుంచి నాన్నా?"

"మొదటిసారి చదివినప్పుడే. జనార్దనరావుకి పటం ఎక్కడిదే? వాడికి పొన్నూరు దాటితే గుంటూరు, గుంటూరు దాటితే కాశీ. మధ్యలో ఏమీ లేదు."

"మరి ఊరందరికీ ఎందుకు చదివావు?"

"బాగా రాశాడు గనక. నా గురించి రెండు పేజీలు ఎవరన్నా రాశారా ఇంతవరకూ? చెక్క చెయ్యి పట్టుకుని నేనట్టా ఉంటానని నాకే తెలీదు." నవ్వుతూనే జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "ఈ ఒక్క లైను మాత్రం ఎవరికీ చదవలేదు."

కాగితం చివర ఒక లైను కింద నీలం ఇంకు గీత ఉంది. ఆయన వేలు దాని మీదే ఆగింది. నవ్వు పెదాల మీద ఉంది గాని కళ్ళలో లేదు. శ్రీకర్ ఉషశ్రీ మొహం చూసి, సంబంధం తప్పిపోయిందనుకున్నాడు.

"ఏంటా లైను?" అంది అంకమ్మ. "రాసినవాడివి నువ్వేగా, చదువు."

శ్రీకర్ ఉషశ్రీ వంక చూశాడు. ఆమె చదవమన్నట్టు తల ఊపింది. అతను చదివాడు. పదకొండు వేల మంది మెచ్చుకున్న వాక్యం ఆ హాల్లో ఎంత పొగరుగా వినిపించిందంటే, చివరి మాట నోట్లోనే ఉండిపోయింది.

"నన్ను క్షమించండి" అన్నాడు.

అంకమ్మ రిమోట్ తీసి టీవీ కట్టేసింది. వంటింటి గుమ్మంలో ఉషశ్రీ తల్లి చిల్లుల గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

"నిజమే రాశాడు" అంది అంకమ్మ చివరికి. "సరే రా పూర్ణా, ఇప్పుడు చెప్పు. ఆ సముద్రం సంగతేంటో, ఆ సుంకాలేంటో మొత్తం చెప్పు. అందరం వింటాం."

పూర్ణచంద్రరావు లేచాడు. చెక్క చెయ్యి అందుకుని పటం ముందు నిలబడ్డాడు. ఎర్ర సముద్రం దగ్గర పెట్టాడు, అక్కణ్ణించి అమెరికా దాకా వెళ్ళాడు, ఏమీ అనకుండా వెనక్కి వచ్చాడు. చెక్క చెయ్యి ఫ్రిజ్ మీద పెట్టేశాడు.

"అవి తర్వాత చెప్తా. ముందు ఇది వినండి. ఈ అబ్బాయి నాకు నచ్చాడు. ఆ రోజే నచ్చాడు. కరెంటు పోగానే మీరందరూ గాలికి వరండాలోకి పోయారు. ఇతనొక్కడే చెమటలు కక్కుతూ కూర్చుని, నేను చెప్పింది చివరిదాకా విన్నాడు."

"మరి మూడు వారాల్నించి ఆ ముక్క చెప్పలేదేం?" అంది ఉషశ్రీ తల్లి.

"గుంటూరులో మీ అన్నయ్యని అడిగారు. సిద్ధాంతి గారిని అడిగారు. పొన్నూరు ఫోన్ చేసి ఆ జనార్దనరావుని కూడా అడిగారు. నన్నెవరడిగారు?"

కోపంగా అనలేదు, మేత బస్తాలు ఎన్నున్నాయో చెప్పినట్టు చెప్పాడు. ఆవిడ గరిటె వంక చూసుకుంది. పూర్ణచంద్రరావు కూతురి వైపు తిరిగాడు.

"నిన్నెవరన్నా అడిగారా అమ్మా?"

పెళ్ళిచూపులకి చీర ఏది కట్టుకుంటావని ఉషశ్రీని అడిగారు, సెలవు దొరుకుతుందా అని అడిగారు. అసలు మాట ఎవరూ అడగలేదని, అడగలేదన్న సంగతి తనూ గమనించలేదని ఆమెకి అప్పుడే తట్టినట్టుంది. కళ్ళు నిండాయి.

"లేదు నాన్నా."

"నేనడుగుతున్నా. నీ ఇష్టమేంటి?"

ఉషశ్రీ శ్రీకర్ వంక చూడనైనా చూడలేదు. తండ్రి మొహంలోకే చూస్తూ, "నచ్చాడు నాన్నా" అంది. "మూడు వారాల్నించీ."

పూర్ణచంద్రరావు తల ఊపాడు. ఇంకా ఏదో చెప్పబోయి ఆగి, కళ్ళజోడు తీసి పైపంచెతో తుడవడం మొదలుపెట్టాడు. వంటింట్లో మూకుడు మాడుతున్న వాసన వచ్చినా ఎవరూ కదల్లేదు. ఆయన నోటి మాట కోసం ఆ హాల్లో నలుగురు మనుషులు అలా ఎదురుచూడటం అదే మొదటిసారి.