బేపో పంతం

స్తొషియా ఇంట్లో బఠాణీలు వండి నెల దాటింది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బఠాణీ సంచులకు లోటు లేదు కానీ, అవన్నీ కొడుకు మోకాలి కోసమే. ఆ ఉదయం కూడా యాద్రన్ వంటింట్లో ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కుడికాలు చాపుకుని, మోకాలి మీద సంచి పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. పొయ్యి దగ్గరికి వెళ్ళాలంటే స్తొషియా చుట్టూ తిరిగి వెళ్ళాలి. అంత పొడుగు కాలు అది.

"నాన్న లేచాడా అమ్మా?"

"లేవడమేంటి, గడ్డం గీసుకుని, మంచి చొక్కా వేసుకుని ఒడ్డున కాఫీకి వెళ్ళాడు. ఈ మధ్య పెళ్ళికొడుకులా తయారవుతున్నాడు. శనివారం ఎప్పుడొస్తుందా అని ఆయన ఆరాటం."

యాద్రన్ జారుతున్న సంచిని మోకాలి మీద సరిచేసుకున్నాడు.

క్రొయేషియా సముద్ర తీరాన ఉన్న జాదర్ బాస్కెట్‌బాల్ ఊరు. పిల్లలకు నడక కంటే ముందు బంతి కొట్టడం వస్తుందని ఇక్కడి ముసలాళ్ళు కోతలు కోస్తారు. దీవుల మధ్య పడవ నడిపి రిటైరైన యాద్రన్ తండ్రి బేపో ఆ కోతలరాయుళ్ళలో మొదటివాడు. అలాంటివాడి కొడుకు పంతొమ్మిదో ఏట, ఊరి జట్టు బెంచీ మీదే కూర్చోబెడుతోందని, జాదర్‌కు ఆగర్భశత్రువైన పక్క ఊరు స్ప్లిట్ జట్టుకు సంతకం పెట్టాడు. టర్కీ పోయినా, చంద్రమండలం పోయినా బేపో ఓర్చుకునేవాడు. స్ప్లిట్! ఆ రోజు నుంచి కొడుకుతో మాట్లాడటం, ఊళ్ళో ఆటల హాలు గడప తొక్కడం రెండూ మానేశాడు.

ఈ తీరంలో పంతం అంటే పరువు. మాట తప్పినవాణ్ణి క్షమిస్తారు కానీ, పంతం వదిలినవాణ్ణి కాఫీ బల్లల దగ్గర ఏళ్ళ తరబడి ఏడిపిస్తారు. యాద్రన్ స్ప్లిట్ వదిలాడు, పోలాండులో ఆడాడు, టర్కీలో, రొమేనియాలో ఆడాడు, నీవెస్‌ను పెళ్ళి చేసుకున్నాడు. బేపో మాత్రం కదల్లేదు. వేసవి సెలవులకు కొడుకు ఇంటికొస్తే మాటలన్నీ స్తొషియా మీదుగానే నడిచేవి.

"ఉప్పు ఇటు జరపమని చెప్పు మీవాడికి."

"రక్తపోటున్నవాళ్ళకి ఉప్పెందుకని అడుగమ్మా ఆయన్ని."

మొదట్లో చూసినవాళ్ళు నవ్వుకునేవారు. పోనుపోను ఎవరికీ నవ్వు రాలేదు.

ఈ వేసవిలో ఊరి జట్టు యాద్రన్‌ని ఒక్క సీజన్ ఆడమని పిలిచింది. ఆ కబురు విన్న సాయంత్రం బేపో కొడుకు గదిలోకి వచ్చి, "ఏరా, ఎప్పుడు మొదలు?" అన్నాడు. అంతే. స్తొషియా ఆరేసిన బట్టల చాటుకు వెళ్ళి ఏడ్చింది.

తర్వాత జట్టు డాక్టరు మోకాలిని చూశాడు. గుజ్జు పూర్తిగా అరిగిపోయింది, సీజన్ మాట మర్చిపోమన్నాడు. జట్టువాళ్ళు మర్యాదకు ఇంకో మాటన్నారు. శనివారం మొదటి మ్యాచ్‌లో నొప్పి తెలియకుండా సూది మందు వేయించుకుని కాసేపు ఆడి, వీడ్కోలు తీసుకోవచ్చు, బాధ్యత మాత్రం నీదే అన్నారు. ఒక్క గెంతుతో మోకాలు మొత్తం పోవచ్చని, ఆ తర్వాత కర్ర పట్టుకునే నడవాలని డాక్టరు తేల్చిచెప్పాడు. ఇవన్నీ తెలిసింది నీవెస్‌కు ఒక్కదానికే.

నీవెస్ జుట్టు ముడేసుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"వాళ్ళకి ఫోన్ చేశావా, ఆడనని?"

"నెమ్మదిగా మాట్లాడు."

"నెమ్మదిగా మాట్లాడితే కాలు బాగవుతుందా?"

కూరలు తరుగుతున్న స్తొషియా చేతిలో కత్తి ఆగింది. "ఏంటమ్మా? వాపే కదా, తగ్గిపోతుంది కదా?"

సరిగ్గా అప్పుడే బేపో కాగితంలో చుట్టిన సార్డీన్ చేపలతో లోపలికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఒడ్డున అందరూ నన్నే చుట్టుముట్టారంటే నమ్ము! 'బేపో, ఇన్నాళ్ళకి హాల్లోకి అడుగు పెడతావన్నమాట' అని ఒకటే గోల. 'మావాడు ఈ సీజనంతా ఆడతాడు, ప్రతి మ్యాచ్‌కీ నేనుంటా, మీరంతా జరగండి' అన్నా."

"సీజన్ లేదు మామయ్యా," అంది నీవెస్.

"నీవెస్, వద్దు," అన్నాడు యాద్రన్.

"నేను చెప్తాను. మోకాలు అయిపోయింది మామయ్యా. శనివారం సూది పొడిపించుకుని కాసేపు ఆడతాడట. మీకోసం. ఆ తర్వాత కుంటివాడైనా ఫర్వాలేదట."

బేపో చేపలు బల్ల మీద పెట్టాడు. "కాళ్ళ నొప్పులు ఆటగాళ్ళందరికీ ఉంటాయి. కాసేపే కదా? ఊరి చొక్కా వేసుకుని ఒక్కసారి కనబడితే చాలు. ఊరంతటికీ చెప్పుకున్నాను..."

"ఆడతాను నాన్నా," అన్నాడు యాద్రన్. "నువ్వు కంగారు పడకు."

అప్పుడు నోరు విప్పింది స్తొషియా. పెళ్ళయినప్పటి నుంచి మొగుడి మీద గొంతు లేపని మనిషి.

"ఛీ, నువ్వేం తండ్రివయ్యా! ఇన్నేళ్ళూ మీ ఇద్దరి మధ్య ఉప్పుడబ్బా మోసి మోసి నా బతుకు తెల్లారిపోయింది. వాడికి దెబ్బ తగిలిందని ఫోనొస్తే స్నానాల గదిలో దూరి ఏడ్చేదాన్ని, నువ్వు వింటే నీ పంతానికి ఎక్కడ పోటు తగులుతుందోనని. ఇప్పుడు వాడి కాలు కూడా కావాలా నీకు? ఎన్ని ఆపరేషన్లయ్యాయో తెలుసా? రా, వచ్చి చూడు!"

ఆమే వెళ్ళి బఠాణీ సంచి తీసేసింది. బేపో దగ్గరికి వచ్చి వంగాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వాచిన మోకాలినీ, దాని మీది ఆపరేషన్ మచ్చల్నీ చూశాడు.

"ఇదెప్పటిది?"

"స్ప్లిట్‌లో. రెండో ఏడు."

"ఇది?"

"టర్కీలో. మళ్ళీ నడవలేననుకున్నా అప్పుడు."

పక్కనున్న పొడుగు మచ్చ మీద బేపో వేలు ఆగింది. కన్నకొడుకు ఒంటి మీద తనకు తెలియని జీవితం మొత్తం ఉందని ఆ ముసలాయనకు అప్పుడు అర్థమైంది.

"వెళ్ళొద్దురా," అన్నాడు.

యాద్రన్ తల ఎత్తలేదు. "ఆడకపోతే మళ్ళీ మాట్లాడటం మానేస్తావా నాన్నా?"

నెరిసిన గడ్డం ఉన్న మనిషి చిన్నపిల్లాడిలా అడిగాడు ఆ మాట. నీవెస్ మొహం తిప్పుకుంది. బేపో నేల మీదే కూలబడి, కొడుకు కాలు పట్టుకుని భోరున ఏడ్చాడు. యాద్రన్ తండ్రి తల నిమిరాడు. కానీ కళ్ళలో వెలుగు రాలేదు. మధ్యాహ్నం జట్టుకు ఫోన్ చేసి, రానని చెప్పేశాడు. అలా అతని ఆట వంటింట్లోనే ముగిసిపోయింది.

శనివారం సాయంత్రం తండ్రీకొడుకులు బాల్కనీలో కూర్చున్నారు. హాలు దగ్గరే కాబట్టి జనం అరుపులు అక్కడికి వినిపిస్తున్నాయి. అరుపు లేచినప్పుడల్లా యాద్రన్ ఎడమచెయ్యి బంతి కొడుతున్నట్టు తనంతట తాను కదిలేది. కాఫీ మిత్రులు ఏమంటారోనని బేపోకు ఇప్పుడు పట్టడం లేదు. ఆ పట్టింపు కాస్త ముందే పోయుంటే ఎంత బాగుండేదని మాత్రం కుమిలిపోతున్నాడు.

"నువ్వు ఊరు దాటాక నీ ఆట ఒక్కటి కూడా చూడలేదురా నేను," అన్నాడు. "ఇక చూడలేను కూడా. కనీసం చెప్పు. వరసగా, ఒక్కటీ వదలకుండా. స్ప్లిట్ చొక్కాతో మనూళ్ళో మొదటిసారి ఆడావే, అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

యాద్రన్ కుడికాలు ఎదురు కుర్చీ మీదికి చాపుకున్నాడు.

"ఆటగాడికి సొంతవాళ్ళ కోసం రెండు సీట్లు ఇస్తారు నాన్నా. ఒకటి అమ్మకిచ్చా. రెండోది నీ పేరు మీద ఉంచమన్నా. మూడో వరసలో, చివర్న. జనం ఈలలు వేస్తూ తిడుతుంటే నేను ఆ సీటు వైపే చూస్తున్నా. మొదటి సగం అయ్యాక వస్తావేమో అనుకున్నా. ఆఖరిదాకా అక్కడే చూశా."

"తర్వాత?"

"అంతే నాన్నా. ఆ రోజు ఆటలో ఇంకేదీ గుర్తులేదు నాకు."