ఐసు ఫ్యాక్టరీ ట్యాంకూ, నలభై మాటలూ

రండి, రండి, దగ్గరగా జరగండి. వెనకాల ఉన్నవాళ్ళు ముందుకు రండి. ఆ గోడకి ఆనుకున్న పెద్దాయనా, గోడ వదిలెయ్యండి. కథ సగంలోకొచ్చాక మీరు వదులుదామన్నా ఆ గోడ మిమ్మల్ని వదలదు. ముందు అందరూ పైవాణ్ణి ఒక్కసారి తలుచుకోండి. నేను ఇందాకే తలుచుకున్నాను... ఎందుకైనా మంచిదని.

మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో ఒక ఇనప ట్యాంకు ఉండేది. గదంత ట్యాంకు. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో నిండా నీళ్ళు, మా కథ నాటికి నిండా తుప్పు. పక్కన మనిషి దూరేంత కంత, దానికో మూత. ఎప్పుడో ఐసు కోసేవాడొకడు అందులో పడి గడ్డకట్టుకుపోయాడనీ, రాత్రయితే వాడి పళ్ళు టకటకలాడే చప్పుడు వినిపిస్తుందనీ చెప్పుకునేవాళ్ళు. చూసినవాడు ఒక్కడూ లేడు. చూసినవాడి బావమరిది మాత్రం వీధికొకడు ఉన్నాడు.

ఈమధ్య సంగతి ముదిరింది. వారానికొక్క రాత్రి — సరిగ్గా ఒక్కటే రాత్రి — ట్యాంకులోంచి మంత్రాలు వినిపిస్తున్నాయట. ఊపిరి తీసుకోకుండా చదివే మంత్రాలు... మనుషుల నోటికి పట్టని మంత్రాలు.

అదలా ఉంచండి.

ఆ సందుకి నాలుగు వీధుల అవతల ఒక కండక్టరు ఉండేవాడు. ముప్పై రెండేళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరయ్యాడు. పెళ్ళాం వంటింట్లోంచి వసారాలోకి వస్తుంటే కూడా "రైట్, రైట్" అనేవాడు. నోరు చెడ్డది, మనసు మంచిదని చుట్టాలు సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు. ఏమో మరి! మనసు చూసినవాడెవడు? అందరూ వినేది నోరేగా.

వాళ్ళకి ఒక్కతే కూతురు. సబ్‌మెరైన్లో ఉద్యోగం. ఆ పిల్ల పెట్టె సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడినప్పుడు ఈయనగారు దీవించిన దీవెన ఇది: "పైకి ఎక్కేవాళ్ళకే నేను టికెట్టు కొట్టేది. నీళ్ళ కిందికి దిగేవాళ్ళకి కొట్టను. పో!"

పిల్ల పోయింది. ఈయన బస్టాండు దాకా కూడా వెళ్ళలేదు.

సబ్‌మెరైన్ అంటే తెలుసుగా. ఒకసారి మునిగిందంటే నెలల తరబడి ఫోను లేదు, ఉత్తరం లేదు, ఎక్కడుందో కన్నవాళ్ళకి కూడా చెప్పరు. ఒక్క వెసులుబాటు ఉంది. ఇంటివాళ్ళు వారానికొక కబురు పంపొచ్చు. నలభై మాటలు. నలభై ఒకటో మాట ఉంటే నేవీ ఆఫీసువాళ్ళు కొట్టేస్తారు. ఇటునుంచి వెళ్ళడమే, అటునుంచి జవాబు రాదు.

తొమ్మిది వారాలు ఆ కబురు తల్లే పంపింది. యూనిఫారాలు కుడుతూ, మిషను మీదే కాగితం పెట్టి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ రాసేది. పదో వారం రాత్రి భోజనాలయ్యాక కండక్టరు ఏమీ పట్టనట్టు గోడకేసి చూస్తూ అడిగాడు.

"రేపు పొద్దున తొమ్మిదిలోపు ఇవ్వాలిగా. ఏం రాశావు?"

"ఏమీ రాయలేదు."

"అదేంటే?"

"'నాన్న నిన్ను అడిగాడు' అని తొమ్మిది వారాలుగా రాస్తున్నా. వారానికి మూడు మాటలు అబద్ధానికే ఖర్చు. వెళ్ళేముందు అదేమందో తెలుసా? 'నాన్న మాట ఒక్కటొస్తే చాలమ్మా' అంది. ఈ వారం మీరే రాయండి. రాయకపోతే లేదు. అక్కడ పేరు పిలిచి మరీ కాగితాలు ఇస్తారట. మన పిల్ల పేరు పిలవరు. అంతే."

"బెదిరిస్తున్నావా?"

"బెదిరింపెందుకు? నా స్టాపొచ్చింది, దిగిపోతున్నా," అని దీపం ఆర్పి పడుకుంది.

చూశారా! ముప్పై రెండేళ్ళ కండక్టర్ని నడిరోడ్డు మీద వదిలేసింది ఆ తల్లి.

ఇంట్లో రాస్తే ఓడిపోయినట్టుంటుందని ఆయన కాగితం, పెన్ను తీసుకుని డిపో దగ్గర టీ కొట్టుకి వెళ్ళాడు. మొదటి కాగితం మీద "నేను ముందే చెప్పాను" అని రాశాడు. చదువుకుని చింపేశాడు. రెండో కాగితం మీద "జాగ్రత్త" అని రాశాడు. బస్సు మెట్ల దగ్గర లక్షమందికి చెప్పిన మాటే అది. దాని తర్వాత కలం కదల్లేదు. మూడు టీలు తాగాడు. కలం కదల్లేదు.

కొట్టు కట్టేసే వేళ లేచాడు. పాత డ్రైవరొకడు చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, సందులోంచి పోకు. ఇవాళ మంత్రాల రోజు."

"దెయ్యమేగా? టికెట్టు లేకపోతే దింపేస్తాలే," అని నవ్వి వెళ్ళాడు.

నవ్వు సందు మొదటిదాకా ఆయనతోనే వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

చీకటి... దీపాల్లేవు. ఫ్యాక్టరీ గోడ ఒకవైపు, ట్యాంకు ఒకవైపు, మధ్యలో మనిషి పట్టేంత దారి. ఆయన చెప్పుల చప్పుడే ఆయనకి ఎవరో వెంటపడుతున్నట్టుంది.

టక్.

ఆగాడు.

టక్... టక్.

ట్యాంకులోంచే.

తర్వాత ఒక ఆడగొంతు. సన్నగా, బావి అడుగునుంచి వచ్చినట్టు — "ఎన్నయ్యాయి?"

మగగొంతు, ఇనుమంత బరువుగా — "ముప్పై తొమ్మిది అయిపోయాయి... ఇంకొక్కటి."

కండక్టరు చుట్టూ చూశాడు. సందులో ఉన్నది తానొక్కడే.

"ఆ రెంటినీ కలిపెయ్యండి," అంది ఆడగొంతు.

"ఊరికే కలుస్తాయా? మధ్యలో ఉత్తు అడ్డం."

"అయితే ఉత్తుని చంపెయ్యండి."

టక్.

"చంపేశా."

కండక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. అయ్యో, ఉత్తు! ఎవరి బిడ్డో పాపం! గట్టిగా ఏడవను కూడా లేదు!

అప్పుడు మొదలైంది మంత్రం. మెల్లగా మొదలై, ఇనప గోడలకి కొట్టుకుని, గిర్రున తిరిగి, కంతలోంచి సందులోకి దూకింది —

"...న్నామనేననుకుంటున్నావనేననుకుంటున్నామురా..."

"హోల్డాన్! హోల్డాన్!" అని బస్సు ఆపినట్టు అరిచి కండక్టరు వెల్లకిలా పడ్డాడు. చేతిలో కాగితం ఎగిరిపోయింది.

మంత్రం ఆగింది. మూత కిర్రుమంది. లోపల్నించి వెలుగు, ఆ వెలుగులో ఒక తెల్లటి తల... మొండెం లేదు.

ముప్పై రెండేళ్ళలో చిల్లర కోసం తప్ప దేవుణ్ణి తలవని మనిషి ఆ క్షణాన రెండు చేతులూ ఎత్తేశాడు. "దేవుడా, తీసుకుపోతే పో. ఒక్క రోజు ఆగు. నా కూతురికి ఒక్క మాట... ఒక్క మాట చెప్పొస్తా..."

"ఎవరదీ... కండక్టరా?" అంది తల.

దేవుడికి దగ్గొస్తుందా? తల దగ్గింది. చూస్తే — వ్యాకరణం మాస్టారు! పై వీధి బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మొండెం ఉంది, ఇంకా కంతలో ఉంది. చేతిలో టార్చి, మాటకొక టక్కు కొట్టి లెక్కపెట్టే బెత్తం. వెనకాల ఆయన భార్య, ఆసుపత్రి నర్సు. వాళ్ళబ్బాయి వంటవాడు. ఏ పడవలో అంటారా? కండక్టరు కూతురున్న పడవలోనే.

"ఉత్తుని... చంపేశారా?" అన్నాడు కండక్టరు, ఇంకా లేవకుండానే.

"ఉత్తంటే ఉకారమయ్యా! బడికెళ్ళావా అసలు?"

"వెళ్ళానండీ. ఆ రోజు రాలేదు."

మాస్టారు కంతలోనే నిలబడి పాఠం అందుకున్నాడు. "ఆఫీసులో లెక్క ఖాళీని బట్టి. మధ్యలో ఖాళీ ఉంటే రెండు మాటలు, లేకపోతే ఒకటి. 'బాగున్నాము' ఒకటి, 'అందరము' ఒకటి. ఉత్తుని లేపేస్తే 'బాగున్నామందరము'. ఒకటే! నా సర్వీసు మొత్తంలో సంధులు ఒకడికి పనికిరావడం ఇదే మొదలు."

"ఇందాకటి ఆ మంత్రం?"

"'బాగానే ఉన్నామనే నువ్వు అనుకుంటున్నావనే మేము అనుకుంటున్నాం' అని వాడికి చెప్పాలి. అంతా కలిపి ఒక్క మాట చేద్దామని..."

"అది మోసం కాదా మాస్టారూ?"

నర్సమ్మ భర్తని పక్కకి నెట్టి తల బయటపెట్టింది. "దేవుడు సముద్రం పోసినప్పుడు మధ్యలో ఖాళీలు వదిలాడా నాయనా? మేం ఎందుకు వదలాలి?"

"పోనీ, ఇంట్లో రాసుకోవచ్చుగా. ఈ తుప్పు డబ్బా ఏం ఖర్మ?"

"ఇంట్లో రాస్తే ఏడుపొస్తోంది. ఇక్కడ ఏడిస్తే నా ఏడుపే పదింతలై నా నెత్తిన పడుతుంది. సిగ్గేసి ఆగిపోతా. అదీకాక, కిటికీ లేని ఇనప డబ్బాలో ఉన్నవాడికి ఏ మాట కావాలో కిటికీ పక్కన కూచున్నదానికి ఏం తెలుస్తుంది? చెడ్డ కబురు రాయకూడదు, కొట్టేస్తారు. మొన్న 'మీ నాన్నకి దగ్గు' అని రాస్తే దగ్గు కొట్టేసి 'మీ నాన్నకి' అని పంపారట. వాడేమనుకుని చస్తున్నాడో! ప్రశ్నలు కూడా వెయ్యకూడదు, జవాబు పంపలేక మనసు పాడుచేసుకుంటారని."

"'తిన్నావా' అని కూడా అడగకూడదా?"

"కూడదు."

"అదడక్కుండా పిల్లలతో ఇంకేం మాట్లాడతారండీ!"

"అదే కదా మా చావు," అంది నర్సమ్మ. కంతలోంచి దిగి, కిందపడ్డ కాగితం తీసి టార్చి వెలుగులో చూసింది. "జాగ్రత్త" అని ఒక్క ముక్క. మిగతాదంతా తెలుపు.

"ఇదేనా తొమ్మిది వారాల తర్వాత?"

అంటే వీధికంతా తెలుసన్నమాట.

"నువ్వు మాటలు చెప్పు, నేను అతికిస్తా," అన్నాడు మాస్టారు జాలిగా.

"అతికించడానికి ఉండాలిగా!" అని నర్సమ్మ టార్చి కండక్టరు చేతిలో పెట్టి కంత చూపించింది. "ఎక్కు నాయనా. ముందుకు జరుగు. లోపల బోలెడు ఖాళీ ఉంది."

ఎక్కాడు. మూత పడింది.

తుప్పు వాసన. చేతికి తగిలిన ప్రతిదీ చల్లగా, చెమ్మగా ఉంది. ఏదో ఒకటి అనాలి కదా... అలవాటైన మాటే నోటికొచ్చింది.

"నేను ముందే చెప్పాను."

ట్యాంకు ఊరుకోలేదు. *చెప్పాను... చెప్పాను... ప్పాను...* వెనకనుంచి, పైనుంచి, పక్కనుంచి. తప్పుకుందామంటే చోటు లేదు. దిగిపోదామంటే మెట్టు లేదు. ఆ గొంతు కరకుగా, ఎత్తిపొడుపుగా చుట్టూ తిరుగుతూనే ఉంది.

నిజం చెప్పుకోవాలి. ఆ ట్యాంకులో దెయ్యం ఉంది. కండక్టరు ఆ రాత్రి దాని గొంతు విన్నాడు. అచ్చం తన గొంతే. ఇరవై నాలుగేళ్ళు తన కూతురు ఒకే ఇంట్లో దానితో కాపరం చేసింది, పాపం, ఒక్క కేక కూడా వెయ్యకుండా.

ఆయన బయటికొచ్చేసరికి తెల్లారుతోంది. మొహం తడిగా ఉంది. చెమ్మ అన్నాడు. మేం నమ్మాం.

తొమ్మిదికి పది నిమిషాల ముందు ఆఫీసులో గుమాస్తా అమ్మాయి ఎర్ర పెన్సిలుతో కాగితం లెక్కపెట్టింది.

"పదకొండే మాటలున్నాయండీ. ఇంకా ఇరవై తొమ్మిది రాసుకోవచ్చు."

"ఉండనియ్యమ్మా."

ఆ అమ్మాయి చదివింది. *తప్పు నాదే తల్లీ. నువ్వు తినుంటావు. వచ్చేరోజు బస్టాండులో నేనుంటాను. పెట్టె నేనే మోస్తాను.*

పెన్సిలు మొదటి మాట మీద ఆగింది. "'తప్పు' అని ఉందండీ. చెడ్డ కబుర్లు పంపకూడదని రూలు."

"చెడ్డ కబురా?" అన్నాడు కండక్టరు. "మా ఇంట్లో ఇంతకన్నా మంచి కబురు ఇప్పటిదాకా పుట్టలేదమ్మా. అనుమానముంటే మా ఆవిణ్ణి అడుగు."

గుమాస్తా తలెత్తి గుమ్మంకేసి చూసింది. గుమ్మం దగ్గర నిలబడ్డావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తలూపుతోంది. ఊపుతూనే ఉంది. అమ్మాయి ఎర్ర పెన్సిలు పక్కన పెట్టి ముద్ర వేసింది.

అంతే కథ. ఆ కాగితం అందుకున్నప్పుడు ఆ పిల్ల ఏం చేసిందో నాకు తెలీదు. జవాబు రాదుగా! కానీ ఒక్కటి గుర్తుంచుకోండి: ఆయన ముందుగా పంపాడు, జవాబు రాదని తెలిసీ పంపాడు. మీరూ ఈ రాత్రి ఇంటికెళ్ళి, మీతో మాట్లాడని బిడ్డకి ఒక్క ముక్క పంపండి. రేపూ పంపండి. జవాబు రాకపోతే ఎలా అంటారా? పైవాడికి రోజూ పంపుతూనే ఉన్నాం కదర్రా! ఏనాడైనా కాగితం మీద జవాబొచ్చిందా? అయినా మానేశామా?