ఆయన ఆపిన ఇంజన్

ఆమ్లెట్ వేద్దామని ఫ్రిజ్ తెరిచిన తల్లికి గుడ్ల అరలో గుడ్లు కనిపించలేదు. ఒక్కో గుంటలో ఒక్కోటి చొప్పున, తోమి మెరిపించిన ఇంజన్ వాల్వులు తలకిందులుగా నిలబడి ఉన్నాయి. గుడ్లు పక్కన గిన్నెలో కుప్పగా పడి ఉన్నాయి.

"పిచ్చుకా!"

ఇంటి పక్క షెడ్డులోంచి కూతురు వచ్చింది. మోచేతుల దాకా గ్రీజు. ఒకచోట నిలవని పిల్ల అని తండ్రి చిన్నప్పుడే పెట్టిన పేరది. మేనమామ మెకానిక్ షెడ్డులో పనిచేస్తుంది. తండ్రి పోయాక ఆ నిలవకపోవడం మరీ ఎక్కువైంది. నడుస్తూనే తింటుంది, పడుకున్నదల్లా లేచి గదులన్నీ తిరుగుతుంది.

"ఇవేంటే?"

"వాల్వులమ్మా. వరస తప్పకూడదు, దేని చోటికి అదే పోవాలి. బయట పెడితే నేనే తన్నేస్తానని..."

"ఏ బండివి?"

కూతురు కాలు మార్చుకుని నిలబడింది. "నాన్నది."

ఇంగ్లండులో తయారైన చిన్న స్పోర్ట్స్ కారది. రెండే సీట్లు, ఇంట్లో అందరికంటే వయసులో పెద్దది. పోయిన చలికాలం ఒక సాయంత్రం ఆయన దాన్ని షెడ్డులో పెట్టి, ఇంజన్ ఆపి, లోపలికొచ్చి పడుకున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత తాళం తిప్పడానికి తల్లి ఎవరినీ ఒప్పుకోలేదు.

"ఆయన ఆపిన ఇంజన్. ఆపినట్టే ఉండనివ్వమన్నానా లేదా?"

"ఉండనిస్తే తుప్పు పడుతుంది."

"పట్టనీ."

"ఆదివారం కొండ దారి మీద పాత కార్ల పందెం ఉందమ్మా. పేరిచ్చాను. ఇలాగే తీసుకెళ్తే సైకిళ్ళు కూడా దాటిపోతాయి. నాన్న దింపితే నాకు స్కూల్లో రోజూ ఆలస్యమే కదా. అందుకే ఇంజన్ పైమూత ఉంది చూడు, హెడ్, దాని అడుగున కాస్త చెక్కించాను. లోపల చోటు తగ్గితే పెట్రోలు గట్టిగా నొక్కుకుని మండుతుంది, బలం పెరుగుతుంది."

"నాతో ఒక్క మాట చెప్పకుండా."

"చెబితే వద్దంటావు."

"వద్దంటానని తెలిసే చేశావన్నమాట." తల్లి గుడ్లు అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ పూట ఇంట్లో ఎవరూ ఆమ్లెట్ తినలేదు.

ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో పొరుగిళ్ళ వాళ్ళలా మసిలారు. కూతురు ఇంజన్ బిగించిన రోజు తల్లి గిన్నెలు కడుగుతోంది. షెడ్డులో శబ్దం లేచేసరికి చేతులు ఆగిపోయాయి. ఆయన వచ్చేశాడనుకుని కాఫీ గిన్నె కోసం చెయ్యి చాచింది కూడా.

కారు వీధిలోకి వెళ్ళి ఎత్తు ఎక్కుతుండగా ఇంకో శబ్దం మొదలైంది. రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టు. తల్లి చెప్పులైనా లేకుండా వీధిలోకి పరిగెత్తింది.

"ఆపు! ఆపమంటుంటే!"

కూతురు ఆపింది. ముఖం పాలిపోయి ఉంది. "అంతా లెక్క ప్రకారమే చేశానమ్మా..."

"లెక్కా? ఆయన ప్రాణంలా చూసుకున్నదాన్ని వారంలో పాడుచేసి లెక్కంటావా? నాకు మిగిలింది అదొక్కటే."

"నేను మిగల్లేదా?" పక్కింటి కిటికీ తెరుచుకుంది. కూతురు పట్టించుకోలేదు. "నువ్వు షెడ్డు తలుపేసి కూర్చోగలవు. నావల్ల కాదు. కూర్చుంటే నాకు ఊపిరాడదు. నాన్న చేతులు పెట్టిన చోట నా చేతులు పెట్టాలనిపించింది. తప్పా?"

తల్లి వెళ్ళి బండి మీద చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి కారును వెనక్కి తోసుకొచ్చారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే.

కబురందుకుని మేనమామ వచ్చాడు. హెడ్ విప్పించి, కొలిచి, మళ్ళీ కొలిచాడు.

"చెక్కించే ముందు కొలిచావా?"

కూతురు నేల చూసింది.

"నా షెడ్డుకి ఎవరి బండి వచ్చినా కొలవందే మర మీదికి ఎక్కనివ్వవు కదే!"

"నాన్న బండి కదా మామయ్యా. కంపెనీ వాళ్ళు పెట్టిన స్క్రూ ఒక్కటి కూడా మార్చి ఉండడనుకున్నా."

"బావ ఎప్పుడో చెక్కించేశాడు. నీకంటే ఎక్కువే. దాని మీద మళ్ళీ నువ్వు. లోపల చోటు మరీ తగ్గిపోయి అలా కొట్టుకుంటోంది. ఒక్కసారి నడిపి చూసినా తెలిసేది."

"నాన్న నడపడం చూశాగా. ఎడ్లబండి నయం."

"అది కాలు సంగతే పిచ్చిమొహమా, ఇంజన్ సంగతి కాదు."

కూతురు తల్లి వైపు తిరిగింది. "నాన్నకి వేగమా?"

తల్లి బోర్లించిన బకెట్టు మీద కూర్చుంది. "నాకు," అంది.

కారు వైపు చూస్తూ చెప్పుకొచ్చింది. "పెళ్ళయిన కొత్తలో కొండెక్కుతుంటే మేకల లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఒక మేక తల తిప్పి మరీ చూసింది. మేకలు నయమండీ అన్నాను. మర్నాడే ఆయన హెడ్ విప్పారు. తర్వాత అదే కొండ మీద నా జడ ఊడిపోయేలా తీసుకెళ్ళారు. అరిచానని ఆపబోతే, ఆపారంటే దిగిపోతానన్నాను."

"అక్కా, నువ్వా!" అన్నాడు తమ్ముడు.

"మరి ఆ తర్వాత?" అంది కూతురు.

"నువ్వు పుట్టావు. నా ఒళ్ళో నువ్వుండేదానివి. ఇంక ఆయన కాలు గట్టిగా వెయ్యలేదు."

తండ్రి పోయిన రోజు కూడా ఏడవని పిల్ల, షెడ్డు గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తల్లి లేచి దగ్గరికి తీసుకుంది. కూతురు కళ్ళు తుడుచుకోబోతే చెంపల నిండా గ్రీజు అంటింది.

"మందపాటి రాగి గాస్కెట్ కోయించి హెడ్ కింద పరిస్తే అది పైకి లేస్తుంది, లోపల చోటు సరిపోతుంది," అన్నాడు మేనమామ మెల్లిగా. "కాకపోతే ఆదివారానికి అవ్వదు."

"పోనీలే మామయ్యా," అంది కూతురు.

గాస్కెట్ వచ్చి, ఇంజన్ బిగించిన ఉదయం మేకుల చప్పుడు లేదు. కానీ బండి నిలబడ్డచోటే వణుకుతోంది. పెట్రోలులో గాలి కలిపే రెండు కార్బురేటర్లూ గాలిని సమానంగా పీల్చాలి. కూతురు రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, ఇంకో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి విని, స్క్రూ తిప్పి, మళ్ళీ విని విసుక్కుంటోంది.

తల్లి గుమ్మంలోంచి చూసి చూసి వచ్చి చెయ్యి చాచింది. "ఇటివ్వు. మీ నాన్నకి ఇలాంటి సన్న చప్పుడు వినపడేది కాదు. స్క్రూ ఆయనది, చెవి నాది."

"ఎప్పుడూ చూళ్ళేదే!"

"నువ్వు స్కూల్లో ఉండేదానివి." వంగి ఒకటి విన్నది. రెండోది విన్నది. "ఎడమది ఎక్కువ పీలుస్తోంది. తగ్గించు. ఇంకా. అబ్బ, దాటిపోయావు!"

"నాన్ననీ ఇలాగే తిట్టేదానివా?"

"ఇంతకంటే. మాట్లాడకు, వినపడట్లేదు."

స్క్రూ వెంట్రుకవాసి వెనక్కి తిరిగింది. వణుకు తగ్గింది. ఇంజన్ మెత్తగా, ఒక్క తీరుగా తిరగసాగింది. తల్లి గొట్టం తియ్యలేదు. కళ్ళు మూసుకుంది. చెంపల మీదికి నీళ్ళు జారుతున్నా తుడుచుకోలేదు.

కూతురు తాళం మీద చెయ్యి వేసింది. "ఆపెయ్యనా అమ్మా?"

"కాసేపుండనీవే."